చెట్టెక్కేవాడికి తల తిరిగితే

ఎండాకాలం చివర

కరెంటు లేదు. ఫ్యాను మాత్రం తిరుగుతోంది.

ఆ పొద్దున నాకు మొదట తెలిసింది ఇంతే. మాది కొత్తపేటలో కిరాయి ఇల్లు. కరెంటు పోయి చాలాసేపైనట్టుంది, గదంతా ఉక్క. కుడివైపుకు ఒత్తిగిలి లేవబోతూ కళ్ళు తెరిస్తే పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. గాలి మాత్రం లేదు.

"కరెంటొచ్చిందా?" అని అడిగాను.

నా భార్య పద్మ విసనకర్ర ఆపకుండానే నా వైపు చూసింది. "ఏడొచ్చింది? చెమటతోని నానుతున్నం. నీకేమన్న కలొచ్చిందా?"

కల కాదు. ఫ్యానుతోపాటు స్లాబు, గోడ మీది క్యాలెండరు, పద్మ ముఖం అన్నీ ఒకే వైపుకు పరుగెత్తుతున్నాయి. మంచం పట్టీ గట్టిగా పట్టుకున్నాను. లేచి నిలబడితే గోడే నడిచొచ్చి నన్ను గుద్దింది. వాకిట్లోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. మేడ మీద నుంచి మా ఓనరమ్మ తొంగి చూసి, "పొద్దుగాలనే ఏస్కున్నడా?" అంది.

"మా ఆయన తాగడమ్మా!" అని పద్మ కింది నుంచి అరిచింది.

"తాళ్ళెక్కేటాయన కొడుకు తాగడా?" అని ఓనరమ్మ నవ్వింది. నిజమే, మా నాయిన నల్లగొండ పల్లెలో కల్లు గీసేవాడు. నేను చుక్క ముట్టను. ఈ రెండూ కలిపి చెబితే ఇప్పటిదాకా ఒక్కరూ నమ్మలేదు.

ఇది జరిగింది 2011లో, తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్నప్పుడు. ఇప్పుడు బాగున్నాను. బాగున్నాను కాబట్టే నవ్వుకుంటూ రాయగలుగుతున్నాను. నాలాగా ఎత్తు మీద పనిచేసేవాళ్ళకూ, వాళ్ళ కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్ళకూ ఇందులో ఒకటి రెండు సంగతులు పనికొస్తే అంతకన్నా ఏం కావాలి?

నా పని చెట్లెక్కడం. చెట్లు కొట్టడం కాదు. ఆ తేడా చెప్పకపోతే నాతో పనిచేసే మా సత్తిబాబన్న ఊరుకోడు. ఇంటి మీదికి వాలిన కొమ్మ, తీగల్లో దూరిన కొమ్మ, ఎండి ఎప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో తెలియని కొమ్మ, ఇలాంటివాటిని చెట్టూ బతికేలా, ఇల్లూ బతికేలా తీయడం మా పని. మా నాయిన నడుముకు మోకు కట్టుకుని తాటిచెట్టెక్కేవాడు. నేను పట్నం వచ్చి తోటల కాంట్రాక్టరు దగ్గర బెల్టు, హెల్మెట్, రెండు తాళ్ళతో ఎక్కడం నేర్చుకున్నాను.

సత్తిబాబన్నది కోనసీమ. నాకంటే పదేళ్ళు పెద్ద. ఎల్‌బీ నగర్‌లో ఉంటాడు. ఒకప్పుడు ఎత్తయిన మేడలకు తాళ్ళతో వేలాడుతూ రంగులు వేసేవాడు. ఒకరోజు పక్కనే వేలాడుతున్న తోటివాడి బెల్టు ఊడింది. ఆ తర్వాత ఆయన ఎక్కలేదు. కిందే ఉండి నా తాడు పడతాడు. మేమిద్దరం కలిసినప్పటి నుంచి ఆయన మాటే చట్టం. హెల్మెట్ లేకుండా చెట్టు నీడలోకి కూడా రానివ్వడు. కొమ్మ పడే జాగా చుట్టూ తాడు కట్టి, ఇంటి యజమానినైనా సరే బయటే నిలబెడతాడు. కరెంటు తీగ దగ్గరుంటే లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపేదాకా రంపం సంచిలోంచి తీయడు. రోజూ నేను ఎక్కేముందు మూడు ప్రశ్నలు అడుగుతాడు.

"తిన్నావా? నిద్రపోయావా? ఇంట్లో పేచీ పెట్టుకొచ్చావా?"

ఒకసారి పేచీ పెట్టుకొచ్చానని ఒప్పుకున్నాను. చెట్టు కింద కూర్చోబెట్టి, పద్మకు ఫోన్ చేయించి, రాజీ కుదిరేదాకా రంపం ఇవ్వలేదు. "మనసు ఇంట్లో, ఒళ్ళు చెట్టు మీదా అయితే కుదరదు తమ్ముడూ," అన్నాడు.

ఆ రోజుల్లో ఊరంతా ఒకటే ముచ్చట కదా. నేను పై నుంచి, "అన్నా, తెలంగాణొస్తే నా తాడెవరు పడ్తరు?" అని ఆటపట్టించేవాణ్ణి. "వీసా పెట్టుకుని మరీ వస్తాలేరా. ముందు ఆ పక్కన కాలు సరిగ్గా పెట్టు," అనేవాడు కింది నుంచి.

ఫ్యాను తిరిగిన పొద్దున ఆ తిప్పుడు కాసేపటికే ఆగిపోయింది. వేడి చేసిందనుకున్నాం. మజ్జిగ తాగి పడుకుంటే మర్నాటికి సర్దుకుంది. ఆ తర్వాతి రోజు ఎల్‌బీ నగర్‌లో ఒక ఇంటి ముందున్న వేపచెట్టు పని. బెల్టు బిగించుకున్నాను, హెల్మెట్ పెట్టుకున్నాను. తాడు ఏ కొమ్మ మీదుగా విసరాలా అని తలెత్తి చూశాను.

చెట్టు గిరగిరా తిరిగింది. కూలబడిపోయాను.

సత్తిబాబన్న నా హెల్మెట్ తీశాడు. అదే తిప్పుడు ఇంకాసేపు ఆగి వచ్చి ఉంటే నేను కొమ్మల మధ్య, చేతిలో రంపంతో ఉండేవాణ్ణి. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

"ఆసుపత్రికెళ్దాం పద. స్కూటర్ మీద కూర్చోగలవా?"

"పడిపోతనేమో అన్నా."

"పడనివ్వను," అని నా బెల్టుకున్న పట్టీని తన నడుము చుట్టూ తిప్పి కొక్కెం వేశాడు. ఇద్దరం ఒకే మూటలా స్కూటరెక్కాం. నేను కళ్ళు మూసుకుని ఆయన వీపుకు చెంప ఆనించాను. దిల్‌సుఖ్‌నగర్ దాకా దారి పొడుగునా జనం ఆగి చూశారట.

మధ్యలో ఊరేగింపు అడ్డమొచ్చింది. గులాబీ జెండాలు, డప్పులు, "జై తెలంగాణ" నినాదాలు. "అన్నా, నువ్వు నోరు తెరవకు, నేను మాట్లాడ్త," అన్నాను. అంతలో మళ్ళీ లోకం తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. తప్పక ఆయనే అన్నాడు: "ఏవండీ, కొంచెం దారి ఇస్తారేటండీ? మావోడికి ఒంట్లో బాగోలేదండీ."

ఒక్క క్షణం డప్పు ఆగింది. ఆ యాస విని జెండా పట్టుకున్న ఒక పెద్దావిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది. నడుములకు బిగించిన పట్టీ చూసింది. "అయ్యో, పిలగాన్ని సంటిపిల్ల లెక్క కట్టుకుండు జూడుండ్రి! జర జరుగుండ్రయ్యా, జరుగుండ్రి!" అని జెండా కర్ర అడ్డం పట్టి అందరినీ పక్కకు తోసింది. ఆవిడ ముందు, మేము వెనక. ఊరేగింపు దాటేదాకా మాకు పైలట్ బండిలా నడిచింది.

దవాఖానలో ఎదురుచూపులు. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరు నా కళ్ళలోకి చూసి, కాళ్ళు తట్టి, "ఎందుకైనా మంచిది, తల స్కాన్ తీయిద్దాం," అన్నాడు. తల స్కాన్ అనగానే మనసులోకి వచ్చే మాట ఒక్కటే ఉంటుంది. పద్మ తను పనిచేసే చీరల దుకాణం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. స్కాన్ గది బయట బల్ల మీద నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. గోడ మీద టీవీలో ఇద్దరు నాయకులు రాష్ట్రం గురించి కొట్టుకుంటున్నారు. పక్కన కూర్చున్న ముసలాయన, ఆయనెవరో మాకు తెలియదు, లేచి వెళ్ళి టీవీ ఆపేశాడు. "రాష్ట్రం ఎప్పుడన్న వస్తది గని, ఈ పిల్ల పరేషాన్ల ఉంది," అన్నాడు.

స్కాన్‌లో ఏమీ లేదు. గడ్డ లేదు, ఏదీ లేదు. పద్మ అక్కడే బల్ల మీద కూర్చుని ఏడ్చేసింది. సత్తిబాబన్న బయటికి వెళ్ళి ముగ్గురికీ చెరుకురసం పట్టుకొచ్చాడు.

మృగశిర

ఏమీ లేదన్నారు కానీ తల తిరగడం ఆగలేదు. కుడివైపుకు ఒత్తిగిలితే తిరుగుతుంది. అటక మీది డబ్బా కోసం తలెత్తితే తిరుగుతుంది. చెప్పులేసుకోవడానికి వంగితే తిరుగుతుంది. మాత్రలు వేసుకుంటే నిద్రొచ్చేది, అంతే. తిరగనప్పుడు కూడా నేల మెత్తటి పరుపులా ఉండేది. గోడలు పట్టుకుని నడవడం నేర్చుకున్నాను. గోరింట కొమ్మ మీద నడిచే తొండ కూడా నాకంటే ధైర్యంగా నడుస్తోందనిపించేది.

వానలు పడ్డాయి. చెట్ల పని ఎక్కువుండే కాలం అదే. గాలికి ఎక్కడెక్కడో కొమ్మలు విరిగేవి, ఫోన్లు వచ్చేవి. సత్తిబాబన్న నేల మీద నిలబడి పొడుగుకర్ర రంపంతో అందేవి మాత్రం చేసేవాడు. అందనివి వేరేవాళ్ళకు అప్పగించేవాడు.

ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో మందు చెప్పారు. మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చి దిష్టి తీసింది. "ఏ చెట్టు మీద ఏముందో ఎవలకెర్క? అన్నిట్ల చెయ్యి పెడ్తడు," అంది. బామ్మర్ది వచ్చి, "బావా, గా చెట్ల పని ఇడ్సిపెట్టు. అపార్ట్‌మెంట్‌ల వాచ్‌మెన్ పని ఉంది, కుర్చీల కూసునుడే," అన్నాడు. నేను పద్మ వైపు చూశాను. ఆమె కూర తరుగుతూ తలెత్తలేదు. ఆమె మనసులోనూ అదే ఉందని అర్థమైంది.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "నువ్వు కూడ గదే అంటవా?"

"అన్న. ఏమైతది?" అంది గట్టిగా. "పెండ్లయిన కాన్నుంచి నువ్వు చెట్టెక్కంగ ఒక్కనాడు జూడలే. ఎందుకు జూడలేదో ఎర్కనా? జూస్తే మళ్ళ పంపియ్యలేనని. దుకాణంల చీరెలు మడతలు పెట్టుకుంట ఉంటే, ఫోను మోగినప్పుడల్ల నా గుండె ఆగిపోతది."

నా పని ఎంత భద్రంగా చేస్తానో ఊరందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ తాళ్ళు ఎలా పనిచేస్తాయో ఇంట్లో మనిషికి ఒక్కసారైనా చూపించలేదు. ఆ సాయంత్రం సంచి తెచ్చి గదిలో పరిచాను. ఇది నడుము బెల్టు, ఇది పెద్ద తాడు, ఇది రెండో తాడు, ఒకటి తెగితే రెండోది పడుతుంది, ఈ కొక్కెం దానంతట అది తెరుచుకోదు. పద్మ కొక్కేన్ని తెరిచి చూసింది, మూసి చూసింది, లాగి చూసింది. "మంచి బరువుంది," అంది చివరికి, బంగారం కొన్నప్పటిలా.

ఆ మర్నాటి నుంచి సత్తిబాబన్న పనైపోగానే మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. తాళ్ళన్నీ తెచ్చి నా ముందు పోసేవాడు. "నేను కళ్ళద్దాలు తేలేదురా, కొంచెం చూసి పెట్టు," అనేవాడు. గోడకానుకుని కూర్చుని తాడును జానెడు జానెడు వేళ్ళ మధ్య జరుపుతూ ఎక్కడ నలిగింది, ఎక్కడ పోగు లేచింది అని చూసేవాణ్ణి. ఆయన జేబులో కళ్ళద్దాలు కనిపిస్తూనే ఉండేవి. ఆ కాసేపూ నేను రోగిని కాదు, పనివాణ్ణి.

మా ఓనరమ్మ కూడా మెత్తబడింది. నేను తూలుతూ మెట్ల దగ్గర తచ్చాడడం చూసి, ఒకరోజు కొరమీను పులుసు గిన్నె పంపింది. "తాగలేదని ఇప్పుడు నమ్ముతున్నవా అమ్మా?" అన్నాను. "తాగినోడైతే ఇంతకన్న మంచిగ నడుస్తడు బిడ్డా," అంది. పద్మ అంతగా నవ్వి అప్పటికి చాలా రోజులైంది.

శ్రావణం

తిప్పుళ్ళు తగ్గాయి. తగ్గాయని అనుకున్నాను. నిజానికి నేను ఎత్తు దిండ్ల మీద కూర్చున్నట్టే పడుకుంటున్నాను, కుడివైపుకు తిరగడం మానేశాను, పైకి చూడడం మానేశాను. తిరిగే పనేదీ చేయకపోతే తిరగదు మరి.

అప్పుడే సైదాబాద్‌లో ఒక చిన్న బడి నుంచి కబురొచ్చింది. ప్రార్థన చేసే ఆవరణ మీదికి నిద్రగన్నేరు చెట్టు పెద్ద కొమ్మ చాచింది. గాలివానకు ఆ కొమ్మ మొదలు దగ్గర చీలిక వచ్చింది. అక్కడి హెడ్‌మిస్ట్రెస్ జుట్టు నెరిసినావిడ. మమ్మల్ని స్వయంగా చెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. చీలిక చూడగానే నాకు చేతులు దురద పెట్టాయి.

"నేనెక్కుత అన్నా. మంచిగైంది. వారం నుంచి తిరుగుడే లేదు."

సత్తిబాబన్న నా ముఖంలోకి చూశాడు. "తిన్నావా?"

"తిన్న."

"నిద్రపోయావా?"

"పోయిన."

"పేచీ?"

"లేదు."

"అయితే ఇంకోటి. ఆ బల్ల మీద కుడివైపుకి తిరిగి పడుకుని లే. తలెత్తి ఆ కొమ్మ చివర చూడు. చూసి నాకు చెప్పు."

వరండాలో పొడుగాటి బల్ల ఉంది. టీచర్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. సిగ్గనిపించింది, కోపం కూడా వచ్చింది. అయినా పడుకున్నాను. కుడివైపుకు తిరిగాను.

బడి మొత్తం బోర్లాపడింది. బల్ల అంచు పట్టుకుని, "అన్నా, ఆపు, ఆపు," అని అరిచాను, ఆయనేదో తిప్పుతున్నట్టు.

ఆగాక చూస్తే ఆయన చెయ్యి నా భుజం మీదుంది. "ఎక్కడికీ పోదురా ఈ చెట్టు," అన్నాడు మెల్లగా. నాకు ఏడుపొచ్చింది. అంతలోనే, ఈ మనిషి కింద ఉన్నంతకాలం నాకేమీ కాదని ఒక ధీమా కూడా వచ్చింది. ఏడుపూ ధీమా ఒకేసారి రావడం అదే మొదలు.

ఆయన హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగాడు. "మేడమ్ గారూ, ఈ పని ఇవాళ మా వల్ల కాదండి. ఎక్కే మనిషికి ఒంట్లో బాగోలేదు. కానీ ఈ కొమ్మ కింద పిల్లల్ని నిలబెట్టకండి. చుట్టూ తాడు కట్టేసి వెళతాను. సరంజామా ఉన్న వేరే జట్టు నాకు తెలుసు, రేపే పంపిస్తాను." అన్నట్టే ఆవరణలో తాడు కట్టాడు, ఎర్రగుడ్డలు వేలాడదీశాడు. మర్నాడు ఇంకో జట్టు వచ్చి కొమ్మ దించింది.

ఆవిడ మాత్రం నన్నే చూస్తోంది. "పడుకుని తిరిగితేనే వస్తుందా? కూర్చుంటే తగ్గుతుందా?"

"ఔ మేడమ్."

"మా అమ్మకు అచ్చం ఇలాగే వచ్చేది. అది తల జబ్బు కాదు బాబూ, చెవి జబ్బు. మా వీధి చివర చెవి డాక్టరమ్మ ఉంది. ఒక్కసారి చూపించుకో."

చెవి! ఇన్నాళ్ళూ తలనే పట్టుకు కూర్చున్నాం, పక్కనే ఉన్న చెవిని అడిగినవాళ్ళు లేరు.

సమ్మె రోజులు

డాక్టరమ్మ ఊళ్ళో లేదు. ఆమె వచ్చి మాకు టైమిచ్చేసరికి తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. ఆ రోజు ఆటోలు కూడా లేవు. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా మూసేశారు, స్కూటర్ పోయే దారి లేదు. పద్మ ఒక చెయ్యి, సత్తిబాబన్న ఒక చెయ్యి పట్టుకుంటే కొత్తపేట నుంచి సైదాబాద్ దాకా నడిచాను. బండ్లు లేని ఆ రోడ్డు ఎంత వెడల్పో అప్పుడే తెలిసింది.

క్లినిక్‌లో కరెంటు లేదు. చీకటి గదిలో అందరం విసురుకుంటూ కూర్చున్నాం. ఒకావిడ తెచ్చుకున్న విసనకర్రను వరసగా ఒకరి చేతిలోంచి ఒకరికి అందిస్తున్నారు, ప్రసాదంలా.

డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంది. నా మాట పూర్తిగా విని, కిటికీ పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టింది. "చెవి లోపల ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయయ్యా. నీవి ఉండాల్సిన చోటి నుంచి జారి పక్క గదిలో పడ్డాయి. నువ్వు తల తిప్పినప్పుడల్లా అవి దొర్లుతాయి, లోకం తిరుగుతుంది."

"అంటే కిరాయికున్నోడు వేరే వాటాలో దూరాడన్నమాట," అన్నాడు సత్తిబాబన్న.

"అంతే. బయటికి తోలి, వాడి గదికి పంపిద్దాం. తిరుగుతుంది. భయపడకు."

ఒక్కసారిగా నన్ను వెనక్కి పడుకోబెట్టి తల కుడికి తిప్పింది. లోకం సుడిగుండమైంది. ఆమె మణికట్టు పట్టుకుని బిగించాను. వదిలించుకోలేదు. "ఊ, పట్టుకో, పట్టుకో, అయిపోతోంది," అంటూ ఆగింది. తిప్పుడు తగ్గాక తల ఎడమకు తిప్పింది, ఆగింది. ఒళ్ళంతా ఎడమకు దొర్లించింది, ఆగింది. తర్వాత లేపి కూర్చోబెట్టింది. మరోసారి మొత్తం చేసింది. ఈసారి తిరిగింది కానీ, అలసిపోయిన బొంగరంలా.

ఆఖరున కూర్చోబెట్టి, "చుట్టూ చూడు," అంది.

చూశాను. కిటికీ, కిటికీలా ఉంది. గోడ, గోడలా నిలబడి ఉంది. పద్మ ముఖం ఒక్కటే ఉంది, ఉండాల్సిన చోట ఉంది. "ఆగింది," అన్నాను.

"సంతోషం. కానీ నువ్వు చెట్లెక్కుతావంటున్నావు. కొన్ని వారాలు తిరగకుండా గడవాలి. మళ్ళీ నేను చూడాలి. అప్పటిదాకా స్టూలు కూడా ఎక్కొద్దు. ఇది మళ్ళీ రావచ్చు. వస్తే దాచిపెట్టుకోకుండా రా."

"దాచనిస్తే కదండీ," అన్నాడు సత్తిబాబన్న.

తిరిగొచ్చేటప్పుడు నా చేతులు ఎవరూ పట్టుకోలేదు. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి వంటలు చేస్తున్నారు. ఉద్యమంలో అదొక పద్ధతి, రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తినడం. పాటలు, పొగ, పప్పుచారు వాసన. ఆ వాసనకు నెలల తర్వాత నాకు నిజమైన ఆకలి వేసింది. బంతిలో కూర్చున్నాం. సత్తిబాబన్న కాస్త వెనకాడి, నా పక్కనే ముడుచుకుని కూర్చున్నాడు.

వడ్డించే ఆమె ఆయన "చాలండీ" అనడం విని ఆగింది. "అన్నా, ఏ ఊరు?"

నేను మధ్యలో దూరబోయాను. ఆయనే చెప్పాడు: "అమలాపురం పక్కనండి."

"అయ్యో, మరి మీరు కారం మస్తు తింటరంట గద! గీ చప్పిడి పప్పు ఏం సరిపోతది?" అని వెనక్కి వెళ్ళి మిరపకాయ తొక్కు గిన్నె తెచ్చి, ఇంత ముద్ద విస్తట్లో వేసింది. ఊరి పరువు కోసం ఆయన అంతా తిన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. బంతి బంతంతా నవ్వింది. "అన్న తెలంగాణ కోసం ఏడుస్తుండు!" అని ఎవరో అరిచారు. మంచినీళ్ళ గ్లాసులు నాలుగు వైపుల నుంచి వచ్చాయి.

తిన్నాక నేలకు చెయ్యి ఆనించకుండా లేచాను. తలెత్తి ఆకాశం చూశాను. గద్ద ఒకటి తిరుగుతోంది. అదొక్కటే తిరుగుతోంది.

దసరా దాటాక

బతుకమ్మ ఆడారు, దసరా అయింది, జమ్మి ఆకు పంచుకున్నాం. ఒక్కసారి కూడా తిరగలేదు. డాక్టరమ్మ మళ్ళీ పడుకోబెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఎక్కు. ముందు చిన్న చెట్టు," అంది.

సమ్మె ఇంకా నడుస్తోంది. బళ్ళు మూసే ఉన్నాయి. అదే బడిలో ప్రహరీ పక్కన ఒక కానుగ చెట్టుంది, దాంట్లో రెండు మూడు ఎండుకొమ్మలు తీయాలి. పిల్లలు లేని ఆవరణ, చుట్టుపక్కల తీగలు లేవు. "మళ్ళీ మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చెట్టు దొరకదు," అన్నాడు సత్తిబాబన్న. ఆ రోజు బంద్. పద్మ దుకాణం కూడా మూశారు.

"నేనొస్త," అంది పద్మ.

నమ్మలేక ఆమె వైపు చూశాను. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

ఆవరణలోకి అడుగు పెట్టగానే సత్తిబాబన్న ఆమె తలకు హెల్మెట్ పెట్టాడు. జడ ముడి మీద అది నిలబడక ముక్కు దాకా జారింది. నేను బెల్టు బిగించుకున్నాను. ఆయన నా కొక్కేలన్నీ ఒక్కొక్కటిగా లాగి చూశాడు. వెనకే పద్మ కూడా వచ్చి అన్నీ ఒకసారి లాగి చూసింది. తర్వాత, "తాడు నాక్కూడ ఇయ్యన్నా," అంది.

ఆయన ఆలోచించాడు. "సరే చెల్లెమ్మా. నువ్వు ముందు పట్టు, నేను వెనక పడతాను. నేను వదలమన్నప్పుడే వదలాలి, లాగమన్నప్పుడే లాగాలి."

ఎక్కాను. మొదటి కొమ్మ దగ్గర ఆగి, భయపడుతూ తల పైకెత్తాను. ఆకులు ఆకుల్లా ఉన్నాయి. వాటి మధ్య ఎండ మెరుస్తోంది. చేతులకు కానుగ బెరడు తగలగానే ఒళ్ళంతా ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది. ఇంకో కొమ్మ, ఇంకో కొమ్మ. పైన రెండో తాడు కట్టుకుని కూర్చున్నాను. సైదాబాద్ డాబాలు, నల్ల ట్యాంకులు, ఆరేసిన చీరలు, బస్సుల్లేని రోడ్డు కనిపిస్తున్నాయి. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

"కొమ్మ!" అని కేకేశాను.

"రానీ!" అంది కింది నుంచి సత్తిబాబన్న గొంతు.

కోసిన ఎండుకొమ్మలు ఒక్కొక్కటీ తాడు కట్టిన జాగాలోనే పడ్డాయి. పని కాసేపట్లో అయిపోయింది. దిగి నేల మీద కాలు పెట్టాను. తల తిరగలేదు. పద్మ తాడు ఇంకా రెండు చేతులా పట్టుకునే ఉంది. వేళ్ళు తెల్లబడ్డాయి.

"ఎట్లుంది?" అన్నాను గొప్పగా.

"మళ్ళొకసారి ఎక్కు," అంది.

"ఎందుకే?"

"నేను జూడలే. కండ్లు మూసుకున్న."

సత్తిబాబన్న అందుకున్నాడు. "అమ్మా! తాడు పట్టుకున్న మనిషి కళ్ళు మూసుకోవడమేవిటమ్మా! వెనక నేను పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. తాడు పట్టుకుంటే రెప్ప కూడా వెయ్యకూడదు. చూపు పైనుండాలి, చెవి పైనుండాలి..." నాకు చెప్పిన పాఠమంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. పద్మ బుద్ధిగా తలూపుతూ విన్నది. అయిపోయాక హెల్మెట్ సర్దుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది.

"ఇగ మూయ. ఎక్కు."

మళ్ళీ కట్టుకున్నాను. ఆయన మళ్ళీ అన్నీ లాగి చూశాడు. సగం దాకా ఎక్కి కిందికి చూశాను. పద్మ కళ్ళు ఇంతింత చేసుకుని నా వైపే చూస్తోంది. నోరు కూడా కొద్దిగా తెరుచుకుంది. ఇంకో కొమ్మ మీదికి జరిగాను. ఆకుల చాటైనట్టున్నాను, కింది నుంచి ఆమె గొంతు వినిపించింది.

"అన్నా, మీరు జర ఎనకకు జరుగుండ్రి. మా ఆయన కనవడ్తలేడు."